రోగం రాకముందు ప్రభుత్వం చేయగలిగే పని

ఆరోగ్యం విషయంలో ప్రభుత్వాలను నిలదీసేటప్పుడు మనం సాధారణంగా అడిగేవి ఆసుపత్రులు, వైద్యులు, మందులు, పడకలు. అలా అడగడంలో తప్పేమీ లేదు. జబ్బుపడ్డ మనిషికి సమయానికి వైద్యం అందకపోవడం ఘోరమైన అన్యాయం. అయితే గత రెండు శతాబ్దాలలో మనిషి ఆయుష్షు ఇంతగా పెరగడానికి కారణాలు వెతుక్కుంటూ పోతే, వాటిలో చాలా భాగం ఆసుపత్రి గోడలకు బయటే కనిపిస్తాయి: శుద్ధి చేసిన నీరు, మురుగు కాలువలు, టీకాలు, గాలిలో తగ్గిన విషం, ధర పెరిగిన సిగరెట్టు. వీటిలో ఏ ఒక్కటీ ఒక వ్యక్తి తన జాగ్రత్తతో ఒంటరిగా సాధించుకోగలిగినది కాదు. ప్రతిదాని వెనుకా ఒక చట్టమో, ఒక పన్నో, ఒక ప్రమాణమో, ఒక నగరపాలక సంస్థ తీర్మానమో ఉంది. ఈ విషయాన్ని చదివేకొద్దీ నాలో బలపడిన అభిప్రాయం ఒకటి ఉంది. ప్రజలకు జాగ్రత్తలు చెప్పడం ప్రభుత్వం చేయవలసిన పనుల్లో చిన్నది. ఆ జాగ్రత్తల అవసరాన్నే తగ్గించడం పెద్దది. ఆ పెద్ద పనిని వదిలేసి చిన్న పనితో సరిపెట్టుకోవడం ప్రభుత్వాలకు అలవాటైపోయింది.

1892లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో కలరా వ్యాపించి, కొద్ది వారాల్లో 8,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ నగరాన్ని ఆనుకుని ఆల్టోనా అనే మరో పట్టణం ఉండేది. రెండింటికీ మధ్య సరిహద్దు కొన్నిచోట్ల ఒక వీధి మాత్రమే. రెండు ఊళ్లూ ఎల్బే నది నీటినే వాడుకునేవి. పైగా ఆల్టోనా తన నీటిని తోడుకునే చోటు, హాంబర్గ్ మురుగంతా నదిలో కలిసిన తరువాత, ఇంకా దిగువన ఉండేది. అయినా ఆల్టోనాలో కలరా పెద్దగా వ్యాపించలేదు. ఒకే వీధిలో అటు వైపు ఇళ్లలో మనుషులు చనిపోతుంటే ఇటు వైపు ఇళ్లు దాదాపు క్షేమంగా ఉన్నాయి. హాంబర్గ్ పరిధిలోనే ఉన్నా ఆల్టోనా నుంచి నీరు అందుతున్న ఒక ఇళ్ల సముదాయం కూడా క్షేమంగా బయటపడిందని జర్మన్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ గమనించి నమోదు చేశాడు. ఆల్టోనా తన నీటిని ఇసుక పొరల గుండా వడగట్టి పంపేది. హాంబర్గ్ నది నీటిని ఉన్నదున్నట్టే పంపేది. హాంబర్గ్ పాలకులకు వడపోత సంగతి తెలియకపోలేదు. వర్తకుల ప్రాబల్యం గల ఆ పాలకమండలి ఖర్చు విషయంలో తర్జనభర్జన పడుతూ ఆ పనిని ఏళ్ల తరబడి వాయిదా వేసుకుంటూ వచ్చింది. చివరికి ఆ వడపోత కేంద్రం పూర్తయింది మరుసటి ఏడాది, 1893లో.

ఆల్టోనా వాసులు హాంబర్గ్ వాసులకంటే శుభ్రమైనవాళ్లనో, తెలివైనవాళ్లనో, క్రమశిక్షణ కలవాళ్లనో ఎవరూ చెప్పలేరు. వాళ్లు అదనంగా చేసిందేమీ లేదు. వాళ్ల తరఫున ఒక నిర్ణయం సరైన సమయంలో జరిగింది, అంతే. ప్రజారోగ్య విధానం అంటే ఏమిటో దీనికంటే స్పష్టంగా చూపగల ఉదాహరణ నాకు తెలియదు.

సలహాకు ఒక సహజమైన లోపం ఉంది. అది అందరికీ ఒకేలా చేరదు. చదువు, తీరిక, కాస్త డబ్బు ఉన్నవాళ్లు దాన్ని ముందుగా విని, ముందుగా ఆచరిస్తారు. రెండు పూటలా పనిలో మునిగి ఉండేవాళ్లకు, ఇరుకు ఇళ్లలో బతికేవాళ్లకు అది చివరగా చేరుతుంది, చేరినా ఆచరించే వీలుండదు. అందువల్ల సలహాల మీదే ఆధారపడిన కార్యక్రమాలు సగటున మేలు చేస్తూనే, ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య ఆరోగ్యంలోని అంతరాన్ని పెంచే ప్రమాదం ఉంది. వడగట్టిన నీటికి ఈ పక్షపాతం లేదు.

ఫోలిక్ ఆమ్లం కథ ఈ లోపాన్ని మరింత కఠినంగా చూపిస్తుంది. గర్భంలోని శిశువుకు మెదడు, వెన్నుపాము ఏర్పడే నాడీ నాళం గర్భం దాల్చిన సుమారు 28 రోజులకే మూసుకోవాలి. అప్పటికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. అది సరిగా మూసుకోకపోతే బిడ్డ వెన్నెముక లోపంతో పుట్టవచ్చు, లేదా బతకలేని స్థితిలో పుట్టవచ్చు. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే, అంతకుముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లులలో ఆ లోపం మళ్లీ వచ్చే అవకాశం 72 శాతం తగ్గుతుందని బ్రిటన్‌కు చెందిన వైద్య పరిశోధన మండలి నిర్వహించిన అధ్యయనం 1991లో నిరూపించింది. ఇంత గట్టి ఆధారం దొరికాక ప్రభుత్వం ముందు రెండు దారులు ఉంటాయి. ఒకటి, మాత్రలు వేసుకోమని స్త్రీలకు చెప్పడం. రెండు, పిండిలోనే దాన్ని కలపమని మిల్లులను ఆదేశించడం. మొదటి దారిలో, గర్భం ముందుగా అనుకుని ప్రణాళిక వేసుకున్నవాళ్లకే మేలు దక్కుతుంది. అనుకోకుండా గర్భం దాల్చినవాళ్లకు సలహా చేరేసరికి గడువు దాటిపోతుంది. అమెరికా, కెనడా 1998లో రెండో దారిని తప్పనిసరి చేశాయి. కెనడాలో ఈ లోపాలతో కూడిన గర్భాలు దాదాపు 46 శాతం తగ్గాయి. అధ్యయనానికి నాయకత్వం వహించిన బ్రిటన్ మాత్రం సలహాతోనే సరిపెట్టుకుంది. పిండిలో కలపడాన్ని తప్పనిసరి చేసే నిబంధనలు అక్కడ 2024లో గాని వెలువడలేదు, వాటి అమలుకు 2026 చివరి దాకా గడువు ఇచ్చారు. ఈ మూడు దశాబ్దాల ఆలస్యాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ కాలంలో కొరవడింది జ్ఞానం కాదు, డబ్బు కూడా కాదు.

బ్రిటన్‌కే చెందిన సాంక్రమిక వ్యాధి శాస్త్రవేత్త జెఫ్రీ రోజ్ ఈ జాప్యానికి మూలమైన చిక్కును 1980లలోనే విడమరచి చెప్పాడు. గుండెజబ్బులో గానీ, పక్షవాతంలో గానీ, ఎక్కువ ముప్పు ఉన్న కొద్దిమంది నుంచి వచ్చే రోగుల సంఖ్యకంటే, కొద్దిపాటి ముప్పు మాత్రమే ఉన్న అనేక మంది నుంచి వచ్చే రోగుల సంఖ్య ఎక్కువగా ఉంటుంది. కాబట్టి జనాభా మొత్తంలో రక్తపోటు కాస్త తగ్గితే, ఏ ఒక్క మనిషికీ తేడా తెలియకపోయినా, మొత్తం మీద వేల మరణాలు ఆగుతాయి. సమాజానికి పెద్ద మేలు చేసే చర్య వ్యక్తికి చిన్న మేలుగానే కనబడుతుంది. ఆగిపోయిన గుండెపోటు ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆ గుండెపోటు తప్పిన మనిషికి సైతం తెలియదు. శస్త్రచికిత్స చేసిన వైద్యుడికి కృతజ్ఞతలు అందుతాయి, ఉప్పు తగ్గించే ప్రమాణాన్ని తయారుచేసిన అధికారికి అందవు. ఓట్ల లెక్కలో రెండోది బలహీనంగా ఉండడానికి కారణం ఇదే.

అయినప్పటికీ చేసి చూపినవాళ్లు ఉన్నారు. 2000 తరువాతి దశాబ్దంలో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ, కార్ఖానాల్లో తయారయ్యే ఒక్కో రకం ఆహారానికి స్వచ్ఛంద ఉప్పు లక్ష్యాలు నిర్ణయించి, వాటిని కొన్నేళ్లకోసారి బిగిస్తూ పోయింది. తగ్గింపు ఎంత నెమ్మదిగా సాగిందంటే నాలుకకు తేడా తెలియలేదు. అందరూ కలిసి తగ్గించడం వల్ల ఏ ఒక్క కంపెనీ నష్టపోలేదు. ఒక మనిషి రోజుకు తినే ఉప్పు సగటున 9.5 గ్రాముల నుంచి 2011 నాటికి 8.1 గ్రాములకు దిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 5 గ్రాముల పరిమితికి అది ఇంకా చాలా ఎక్కువే, కానీ కోట్లమంది తమ వంతుగా ఏ ప్రయత్నమూ చేయకుండానే ఆ తగ్గుదల సాధ్యమైంది. తరువాత పర్యవేక్షణ సడలించి బాధ్యతను పరిశ్రమల హామీలకు వదిలేసినప్పుడు ఆ వేగం మందగించింది. స్వచ్ఛంద ఒప్పందం పనిచేసేది దాని వెనుక ప్రభుత్వం కనిపెట్టి చూస్తున్నంత కాలమేనని నేను అనుకోవడానికి ఇదొక ఆధారం.

పన్నుల సంగతి కూడా ఇలాంటిదే. చక్కెర పానీయాల మీద పన్ను అనగానే, ధర పెరిగితే జనం కొనడం మానేస్తారన్న ఒక్క మార్గమే అందరికీ తోస్తుంది. బ్రిటన్ 2016లో ప్రకటించి 2018 ఏప్రిల్ నుంచి అమలు చేసిన పన్ను మరో మార్గాన్ని పట్టింది. 100 మిల్లీలీటర్లకు చక్కెర 5 గ్రాములకు చేరితే ఒక రేటు, 8 గ్రాములకు చేరితే ఇంకా ఎక్కువ రేటు అని మెట్లుగా నిర్ణయించి, రెండేళ్లు వ్యవధి ఇచ్చింది. పన్ను తప్పించుకోవడానికి కంపెనీలు ఆ గడువులోపే తమ పానీయాల్లో చక్కెరను తగ్గించుకున్నాయి. దాంతో ఖజానాకు వచ్చిన ఆదాయం మొదట వేసిన అంచనాలో సగానికి దగ్గరగానే మిగిలింది. ఆదాయం తగ్గడం గెలుపుకు గుర్తుగా నిలిచే పన్నులు అరుదు. ఆరోగ్యం కోసం వేసే పన్ను అలాంటిది, అందుకే దాన్ని ఆర్థికశాఖ ఒక్కటే తూచకూడదు.

సీసం కలిపిన పెట్రోలు గురించి కాస్త విస్తరించి చెప్పాలి, ఎందుకంటే మంచి విధానానికి ఎదురయ్యే అడ్డంకులన్నీ అందులో ఒకేచోట ఉన్నాయి. ఇంజన్లు తడబడకుండా నడవడానికి టెట్రాఇథైల్ సీసాన్ని పెట్రోలులో కలపవచ్చని అమెరికాలో 1921లో కనుగొన్నారు. సీసం విషమన్న సంగతి అప్పటికి ఎంతో కాలంగా తెలిసినదే. 1924లో దాన్ని తయారుచేసే కర్మాగారాల్లో కార్మికులు మతి చలించి మరణించారు. మరుసటి ఏడాది ప్రభుత్వం సమావేశం పెట్టింది, కొన్నాళ్లు అమ్మకం ఆగింది, తిరిగి మొదలైంది. హాని జరుగుతోందని నిరూపించవలసిన భారం ప్రజల మీద పడింది. హాని జరగదని నిరూపించవలసిన భారం అమ్ముకునేవాళ్ల మీద పడలేదు. ఆ ఒక్క పొరపాటు ఖరీదు ఎన్నో తరాల పిల్లల మేధ. గాలిలో, నేలలో, నీటిలో సీసం పేరుకుపోయిన తీరును క్లెయిర్ ప్యాటర్సన్ అనే భూరసాయన శాస్త్రవేత్త 1960లలో బయటపెట్టి, పరిశ్రమ ఒత్తిళ్లను ఎదుర్కొన్నాడు. 1970లలో నియంత్రణ మొదలైన తరువాత ఏం జరిగిందో రక్తపరీక్షలే చెప్పాయి: అమెరికాలో అయిదేళ్లలోపు పిల్లల రక్తంలో సీసం సగటున డెసిలీటరుకు సుమారు 15 మైక్రోగ్రాముల నుంచి 1990ల ఆరంభానికి 4 మైక్రోగ్రాముల లోపుకు పడిపోయింది. తమ పిల్లల రక్తం శుభ్రపడిందని ఆ తల్లిదండ్రులలో ఎక్కువమందికి తెలియనే తెలియదు. రోడ్ల మీది వాహనాలకు సీసం పెట్రోలు అమ్మిన చివరి దేశం అల్జీరియా. అక్కడ 2021 జూలైలో అది ఆగిపోయింది. కనుగొన్న నాటి నుంచి దాదాపు నూరేళ్లు.

ఈ కథలో నిర్ణయం తీసుకోవలసింది ఆరోగ్యశాఖ కాదు; ఇంధనం, పరిశ్రమలు, రవాణా చూసే శాఖలు. వ్యాధి నివారణలో ఇది పదే పదే ఎదురయ్యే వాస్తవం. రోడ్డు ఎంత వెడల్పు ఉండాలో, వాహనాల వేగం ఎంతకు మించకూడదో, ఇంట్లోకి గాలి ఎలా రావాలో, ఏ పంటకు సబ్సిడీ ఇవ్వాలో నిర్ణయించేవాళ్ల బల్లల మీద ఆరోగ్యం అనే మాట సాధారణంగా ఉండదు. 2014లో అమెరికాలోని ఫ్లింట్ నగరం ఖర్చు తగ్గించుకోవడానికి తన నీటి వనరును మార్చుకుంది. ఆ కొత్త నీరు పాత గొట్టాలను తినేయకుండా కలపవలసిన రసాయనాన్ని కలపలేదు. గొట్టాల్లోని సీసం కుళాయిల్లోకి దిగింది, పిల్లల రక్తంలో సీసం పెరిగింది. లెక్కల పుస్తకంలో అది పొదుపు. ఏ శాఖ పెద్ద నిర్ణయం తీసుకున్నా దాని ఆరోగ్య ప్రభావాన్ని ముందుగా అంచనా వేయాలన్న నియమం చాలామందికి మరో కాగితపు తతంగంలా తోస్తుంది గాని, ఇలాంటి పొదుపుల నుంచి కాపాడేది అదే. ఫిన్‌లాండ్ 2006లో యూరోపియన్ యూనియన్ అధ్యక్ష బాధ్యతల్లో ఉన్నప్పుడు అన్ని విధానాల్లోనూ ఆరోగ్యం ఉండాలన్న సూత్రాన్ని ముందుకు తెచ్చింది.

పరిశ్రమలు ఎదురు తిరగడం గురించి మర్యాద కోసం మెత్తగా మాట్లాడడం నాకు ఇష్టం లేదు. పొగాకు వల్ల ప్రపంచంలో ఏటా 70 లక్షలకు పైగా మనుషులు చనిపోతున్నారు. ధర 10 శాతం పెరిగితే వాడకం ధనిక దేశాల్లో సుమారు 4 శాతం, మిగతా దేశాల్లో సుమారు 5 శాతం తగ్గుతుందని అనేక దేశాల అనుభవం చూపింది; అంత స్పష్టమైన ఆయుధం ఉండి కూడా దాన్ని వాడడానికి ప్రభుత్వాలు జంకుతాయి. సిగరెట్ పెట్టెల మీద 80 శాతం మేర హెచ్చరికలు ఉండాలన్నందుకు, కేవలం 35 లక్షల జనాభా గల ఉరుగ్వే మీద ఒక బహుళజాతి పొగాకు సంస్థ 2010లో అంతర్జాతీయ వేదికపై దావా వేసింది. 2016లో ఉరుగ్వే గెలిచింది, దాని ఖర్చుల్లో చాలా భాగాన్ని ఆ సంస్థే భరించవలసి వచ్చింది. అయితే ఆ ఆరేళ్లూ మరెన్ని చిన్న దేశాలు భయపడి తమ చట్టాలను పక్కన పెట్టుకున్నాయో ఊహించవచ్చు. 2005లో అమల్లోకి వచ్చిన పొగాకు నియంత్రణ అంతర్జాతీయ ఒడంబడికలో, ఆరోగ్య విధానాల రూపకల్పనను పొగాకు పరిశ్రమ ప్రయోజనాల నుంచి కాపాడాలని ప్రత్యేకంగా ఒక అధికరణం ఉంది. ఆ ఒడంబడికలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది అదే.

టీకాల గురించి ఎక్కువగా రాయను, వాటి మేలు చాలామందికి తెలుసు. ఒక్క మాట మాత్రం అవసరం. మశూచి నిర్మూలన జరిగింది టీకా ఉన్నందువల్ల మాత్రమే కాదు. టీకా 18వ శతాబ్దం చివర్లోనే వచ్చింది. 1967లో ఉద్ధృతం చేసిన కార్యక్రమంలో, ప్రతి కేసునూ వెతికి పట్టుకుని, దాని చుట్టూ ఉన్నవాళ్లకు టీకాలు వేసే నిఘా వ్యవస్థను దేశాలన్నీ కలిసి నిర్మించాక, 1977లో సహజంగా సోకిన చివరి కేసు నమోదైంది, 1980లో నిర్మూలన ప్రకటన వెలువడింది. సీసాలోని మందుకు, వీధిలోని మనిషికి మధ్య నడిచే సిబ్బంది, రిజిస్టర్లు, శీతల పెట్టెలు, నమ్మకం అన్నీ ప్రభుత్వం నిర్మించి నిలుపుకోవలసినవే.

ఇక స్వేచ్ఛ గురించిన అభ్యంతరం. నేను ఏం తినాలో, ఏం తాగాలో ప్రభుత్వం ఎందుకు నిర్ణయించాలి అన్న ప్రశ్న న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకూడదు. అయితే పైన చెప్పిన చర్యలన్నిటిలోనూ బలవంతం ఒకే పాళ్లలో లేదు. పెట్రోలులో సీసం తీసేస్తే ఏ పౌరుడి స్వేచ్ఛా తగ్గలేదు. ఐర్లాండ్ 2004లో పనిచేసే చోట్ల పొగతాగడాన్ని నిషేధించినప్పుడు పొగతాగేవాడి సౌకర్యం తగ్గింది, పక్కన పనిచేసేవాడి ఊపిరితిత్తులు బాగుపడ్డాయి. ఇళ్లలో మనుషులను నిర్బంధించడం వీటన్నిటికంటే ఎన్నో రెట్లు తీవ్రమైనది. బలవంతం పెరిగేకొద్దీ ఆధారాల బలమూ పెరగాలి, కాలపరిమితి తగ్గాలి, బహిరంగ చర్చ విస్తరించాలి. పన్నులు పేదల మీద ఎక్కువ భారం అన్న వాదన కూడా సగం నిజమే. ఆ జబ్బుల భారం కూడా పేదల మీదే ఎక్కువ పడుతుందన్నది మిగిలిన సగం. పన్ను ద్వారా వచ్చిన డబ్బు మానాలనుకునేవాళ్లకు సాయంగానూ, వాళ్ల పేటల్లో సౌకర్యాలుగానూ తిరిగి రాకపోతే మాత్రం ఆ విధానాన్ని నేను సమర్థించలేను. థాయ్‌లాండ్ 2001లో మద్యం, పొగాకు పన్నుల మీద 2 శాతం అదనపు సుంకం విధించి, ఆ సొమ్ముతో ఆరోగ్య ప్రోత్సాహానికి ఒక ప్రత్యేక నిధి ఏర్పాటు చేసింది. ఏటా బడ్జెట్ చర్చల్లో మొదటగా కోతకు గురయ్యేది నివారణ పద్దే కాబట్టి, ఇలా చట్టంలోనే ఆదాయ మార్గాన్ని కట్టిపెట్టడం తెలివైన పని అని నా అభిప్రాయం.

విధానం ఎంత మంచిదైనా, అది పనిచేస్తోందో లేదో కొలిచే ఏర్పాటు దానిలోనే ఉండాలి. స్కాట్లాండ్ మద్యానికి ఒక యూనిట్‌కు (అందులోని ఆల్కహాల్ పరిమాణాన్ని కొలిచే ప్రమాణం) ఇంతకంటే తక్కువ ధరకు అమ్మరాదన్న చట్టాన్ని 2012లో చేసింది. న్యాయపోరాటాలు ముగిసి అది 2018 మే 1న 50 పెన్స్‌తో అమల్లోకి వచ్చింది. ఆరేళ్లలో పార్లమెంటు మళ్లీ ఓటు వేసి కొనసాగించకపోతే రద్దయిపోయేలా ఆ చట్టంలోనే ఒక నిబంధన పెట్టారు. దాని ఫలితాలను స్వతంత్రంగా మూల్యాంకనం చేయించారు. ఆ ధర లేని ఇంగ్లాండ్‌తో పోల్చి చూసి, పూర్తిగా మద్యం వల్లే సంభవించే మరణాలు దాదాపు 13 శాతం తగ్గాయని 2023లో అంచనా వేశారు. అదే మూల్యాంకనం, మద్యానికి పూర్తిగా బానిసలైనవారి విషయంలో ఈ చర్య ఒక్కటే చాలదని, కొందరు తిండి ఖర్చు తగ్గించుకుని మరీ తాగారని కూడా దాచకుండా నమోదు చేసింది. మహమ్మారి కాలంలో ఆ దేశంలో మద్యం మరణాల సంఖ్య పెరిగిందని విమర్శకులు ఎత్తిచూపారు. ఆ చట్టం లేకపోతే ఇంకా ఎక్కువగా పెరిగేదని సమర్థకులు బదులిచ్చారు. ఇరువర్గాల చేతిలోనూ లెక్కలు ఉన్నాయి, అవి అందరికీ అందుబాటులో ఉన్నాయి. 2024 ఏప్రిల్‌లో పార్లమెంటు చట్టాన్ని కొనసాగించి, కనీస ధరను ఆ సెప్టెంబరు చివరి నుంచి 65 పెన్స్‌కు పెంచింది. ఆ నిర్ణయంతో ఏకీభవించనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల అభ్యంతరాల్లో కొన్ని బలమైనవే. కానీ తన మేలును తానే నిరూపించుకోవలసిన గడువుతో పుట్టిన చట్టం అది. పన్నుల నుంచి పథకాల దాకా ఆరోగ్యం పేరుతో వచ్చే ప్రతి చట్టానికీ అలాంటి గడువు, అలాంటి బహిరంగ లెక్క ఉండాలని పౌరులుగా మనం పట్టుబట్టవచ్చు.